డ్రైవర్ రాద్దాం – 3వ పాఠం: కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

పోయిన పాఠంలో ఖాళీ మాడ్యూల్ (నడుస్తున్న కెర్నెల్‌కు తగిలించే కోడ్ ముక్క) ఒకటి ఎక్కించి దించాం. ఈసారి కోడ్ లేదు, వెతుకులాటే. విసుక్కోకండి, డ్రైవర్ పనిలో బోలెడు కాలం దీనికే పోతుంది.

డ్రైవర్ అంటే పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. ఒకవైపు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), ఇంకోవైపు పరికరం. ఇరువైపుల సంగతులూ తెలియాలి, ఆ కాగితాలు, అంటే డాక్యుమెంటేషన్, ఉండేదేమో వేర్వేరు చోట్ల.

ముందు కెర్నెల్ వైపు చూద్దాం. లైనక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకు ఇది సుఖం. మ్యాన్ పేజీల్లో (సిస్టమ్‌తోనే వచ్చే సహాయ పేజీలు) 4వ విభాగం పరికరాలది, 9వది కెర్నెల్ లోపలి ఫంక్షన్లది. 'మ్యాన్ 9 డ్రైవర్' అని కొట్టి, అక్కడి నుంచి ఒక్కో పేజీ పట్టుకుని పోవచ్చు. లైనక్స్‌లో ఆ పని సోర్స్ చెట్టులోని డాక్యుమెంటేషన్ ఫోల్డర్ చేస్తుంది. మనకు కావలసింది అందులోని డ్రైవర్-ఏపీఐ అనే భాగం. ఆ పేజీల్లో చాలా భాగం సీ ఫైళ్లలో ఫంక్షన్ల మీద రాసిన వ్యాఖ్యల నుంచే తయారవుతుంది. కాబట్టి పేజీ దొరక్కపోతే నేరుగా ఫంక్షన్ దగ్గరికే వెళ్లండి.

మరి పుస్తకాలు? అందరూ చెప్పే 'లైనక్స్ డివైస్ డ్రైవర్స్' మూడో కూర్పు 2005 నాటిది, 2.6.10 కెర్నెల్ కోసం రాసింది. ఇంటరప్ట్ అంటే ఏమిటో, లాక్ ఎందుకో తెలుసుకోవడానికి ఇప్పటికీ చదవమనే అంటాను. కోడ్ మాత్రం ఎత్తి రాయకండి. లోపలి ఫంక్షన్లను మార్చకుండా ఉంచుతామని లైనక్స్ ఎవరికీ మాట ఇవ్వలేదు, ఇవ్వబోమని డాక్యుమెంటేషన్‌లోనే రాసిపెట్టారు. ఉదాహరణకు క్లాస్_క్రియేట్ అనే ఫంక్షన్ ఏళ్ల తరబడి రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకుంది. 2023లో వచ్చిన 6.4 కెర్నెల్‌లో మొదటిది తీసేశారు. పాత పాఠం చూసి రాస్తే కంపైలర్ 'ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయి' అని ఆగిపోతుంది. మీ తప్పేమో అని రాత్రంతా తల పట్టుకుంటారు. నేను పట్టుకున్నాను.

అలాంటప్పుడు ఆ హెడర్ ఫైలు మీద మార్పుల చరిత్ర చూపే 'గిట్ లాగ్ -పి' నడపండి. ఏ మార్పు ఎందుకు చేశారో చేసినవాళ్ల మాటల్లోనే ఉంటుంది. చరిత్ర లేకుండా పైపైన క్లోన్ చేసుకుంటే ఇది పనిచేయదు, జాగ్రత్త. రెండో దారి గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే ఆదేశం): అదే ఫంక్షన్‌ను మీ కెర్నెల్‌లోని వేరే డ్రైవర్లు ఎలా పిలుస్తున్నాయో నాలుగు చోట్ల చూడండి.

ఇక పరికరం వైపు. 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్' కొడితే ప్రతి పీసీఐ పరికరం (మదర్‌బోర్డుకు పీసీఐ దారిలో తగిలేది) పక్కనా తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య కనిపిస్తాయి. 8086 ఉంటే ఇంటెల్‌ది. పెట్టె మీది పేరుతో కాదు, చిప్ పేరుతో డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) వెతకండి. అది దొరక్కపోతే బీఎస్‌డీల్లో అదే చిప్‌కు డ్రైవర్ ఉందేమో చూడండి. రిజిస్టర్ల (పరికరంతో మాట్లాడే గళ్ల) పేర్లు అక్కడ బయటపడతాయి.

మనం మాత్రం క్యూఈఎమ్‌యూలోని (వర్చువల్ మెషీన్ నడిపే ప్రోగ్రామ్) 'ఎడ్యు' అనే పరికరంతో మొదలుపెడదాం. నేర్చుకునేవాళ్ల కోసమే చేసింది, వివరణ క్యూఈఎమ్‌యూ సోర్స్‌లో డాక్స్ కింద స్పెక్స్‌లో ఉంది. 4వ ఆఫ్‌సెట్‌లో (మొదటి నుంచి 4 బైట్ల దూరంలో) ఏ విలువ రాసినా బిట్లు తిరగేసి తిరిగి ఇస్తుంది, 8వ దాంట్లో రాస్తే ఫ్యాక్టోరియల్ కడుతుంది. మొదటి 128 బైట్లలో 4 బైట్ల చొప్పునే చదవాలి, రాయాలి అన్న షరతు ఒక్క వాక్యంలో ఉంటుంది. డేటాషీట్లలో ప్రాణం తీసేవి ఇలాంటి వాక్యాలే.

ఇంటిపని: '-డివైస్ ఎడ్యు' పెట్టి వర్చువల్ మెషీన్ లేపండి. ఎల్ఎస్‌పీసీఐలో ఆ వరుస పట్టుకోండి. పీసీఐ_ఐఓమ్యాప్ ఫంక్షన్ మీది వ్యాఖ్య, కింది కోడ్ చదివి, విఫలమైతే ఏమిస్తుందో రాసిపెట్టుకోండి. 4వ పాఠంలో మొదటి వరుస దాంతోనే.