చెన్నైలో ఒక పూట మిగిలితే

మా అమ్మ కళ్ల కోసం తొమ్మిదేళ్లుగా కావలి నుంచి చెన్నైకి తిరుగుతున్నాను. మూడు నెలలకు ఒకసారి, డాక్టరుగారు దయతలిస్తే నాలుగు నెలలకు. ఆసుపత్రిలో జరిగేది ఎప్పుడూ ఒకటే: పొద్దున్నే చీటీ, బల్ల మీద ఎదురుచూపు, కంట్లో చుక్కలు, మళ్లీ ఎదురుచూపు, చివరికి డాక్టరుగారితో ఐదు నిమిషాలు. ఆ తర్వాత చేతిలో ఒక పూట మిగులుతుంది. రేపు మళ్లీ రమ్మంటే ఏకంగా ఒక రోజు మిగులుతుంది. మొదటి రెండేళ్లు ఆ పూటలన్నీ లాడ్జి గదిలో ఫ్యాను తిరగడం చూస్తూ పోగొట్టుకున్నాం. ఇప్పుడు మా బడిలో ఎవరు చెన్నై బయలుదేరినా ముందు నా దగ్గరికి వస్తారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

లాడ్జి గది వదిలి బయటపడ్డ మొదటిసారి, తప్పక చూడవలసిన పది చోట్లంటూ ఎవరో రాసిన జాబితా ఫోనులో పట్టుకుని వెళ్లాను. ఆ పదీ నగరానికి పది మూలల్లో ఉన్నాయి. ఆదివారం సాయంత్రం టి.నగర్ రంగనాథన్ వీధిలోకి అమ్మను తీసుకెళ్లాను. అక్కడ మనం నడవనక్కర్లేదు, జనమే మోసుకుపోతారు. మరుసటిసారి ఎగ్మూరు మ్యూజియానికి వెళితే గేటుకు తాళం. ఆ రోజు శుక్రవారం. ఆ మ్యూజియానికి శుక్రవారమే సెలవు. పిల్లలకు లెక్కలు చెప్పే నేను వారాన్ని సరిచూసుకోలేదు.

ఆ తాళం ముందు నిలబడే ఒక నియమం పెట్టుకున్నాను: పూటకో పేట. ఒక పూటలో ఒకే పేట, అందులో చూసేది ఒకటి, తినేది రెండు. రెండో పేట పేరెత్తితే మా ఇంట్లో జరిమానా.

ముందుగా కాగితం మీద ఒక పట్టిక గీయండి. చోటు పేరు రాసి, దాని పక్కన అది ఏ వేళల్లో, ఏ రోజుల్లో మూసి ఉంటుందో రాయండి. తెరిచే వేళ అందరూ చూస్తారు, దెబ్బ తీసేది మూసే వేళ. చెన్నైలో పెద్ద గుళ్లు మధ్యాహ్నం మూసి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తెరుస్తారు. హోటళ్లలో పొద్దుటి టిఫిను పదకొండు దాటితే సన్నగిల్లుతుంది, తర్వాత భోజనం, మళ్లీ సాయంత్రం దోసె పెనం వేడెక్కుతుంది. ఒంటిగంటకు వెళ్లి పొంగల్ అడిగితే ‘ఇల్లై’ అంటారు. ఈ వేళలన్నీ పక్కపక్కన రాసుకుంటే ఏ పూట ఎక్కడ ఉండాలో పట్టికే చెబుతుంది.

మీతో వచ్చే మనిషిని కూడా ఆ పట్టికలో వేసుకోండి. కంట్లో చుక్కలు వేశాక మా అమ్మకు నాలుగైదు గంటలపాటు అన్నీ మసక, ఎండ అసలు పడదు. అటువంటి పూట శిల్పాలూ సముద్రమూ దండగ. అందుకని చూసేవన్నీ పరీక్షకు ముందు రోజు, వినేవీ తినేవీ పరీక్ష అయ్యాక. ఈ ఏర్పాటు అమ్మదే. మొదటిసారి నేను గదికి పోదామంటే, “మందు వేసింది కళ్లకు గానీ నోటికి కాదు కదే” అంది.

ఇక తిండి వెతకడం. ఫోనులో మ్యాపు తెరిచి నగరమంతటికీ ‘మంచి హోటల్’ అని వెతకకండి. మీరున్న పేట దగ్గరికి పెద్దది చేసుకుని, ‘మెస్’ అని కొట్టండి. వచ్చిన వాటిలో ఐదు చుక్కల పొగడ్తలు వదిలేసి, రెండు మూడు చుక్కలు ఇచ్చినవాళ్ల ఫిర్యాదులు చదవండి. ‘కూర్చోవడానికి చోటు లేదు’, ‘బండి పెట్టుకోవడానికి స్థలం లేదు’, ‘తొమ్మిదిన్నరకే వడ అయిపోయింది’ అని తిట్టారంటే నాకు అది యోగ్యతాపత్రం. ‘సాంబారు పులిసింది’, ‘చట్నీ వాసన వచ్చింది’ అని ఇద్దరు వేర్వేరు నెలల్లో రాశారంటే ఆ పేరు కొట్టేయండి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మాత్రమే తెరిచే చోటయితే ఇంకో మార్కు కలుపుకోండి, అక్కడ పొద్దుటిది సాయంత్రానికి మిగలదు. బయలుదేరే ముందు ఫోను చేసి ‘ఇప్పుడు ఏముంది?’ అని అడగడం మరచిపోకండి. ఇంత తేలికైన పని ఎందుకో ఎవరూ చేయరు.

మ్యాపు కంటే మనిషి మేలు, అడగడం తెలిస్తే. ‘ఇక్కడ మంచి హోటల్ ఏది?’ అంటే ఎవరయినా పెద్ద బోర్డున్న హోటలే చూపిస్తారు, పొరుగూరి వాళ్లను చిన్న చోటికి పంపడం మర్యాద కాదనుకుంటారు. ‘మీరెక్కడ తింటారు?’ అని అడగండి. తమిళంలో ‘నీంగ ఎంగ సాప్పిడువీంగ?’ అంతే. నా తమిళం విని సగంమంది తెలుగులోనే జవాబిస్తారు. ఒకసారి ఆటో అతను అద్దంలోంచి చూసి, “ఏ ఊరక్కా మనది?” అన్నాడు. వాళ్ల తాతగారిది సూళ్లూరుపేట వైపట.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఏ పేటతో మొదలుపెట్టాలంటే నా ఓటు మైలాపూరుకే. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి. అరండేల్ వీధిలో రాయర్ మెస్ ఉంది. ఇరుకు చోటు, బయట నిలబడి వంతు కోసం చూడాలి. లోపల ఆకు ముక్క మీద ఇడ్లీ, పొంగల్, వడ, పక్కనే వాళ్ల పేరు నిలబెట్టిన గెట్టి చట్నీ. గెట్టి అంటే మన గట్టే. గరిటెతో వేస్తే పారకుండా కుదురుగా కూర్చుంటుంది, పచ్చిమిరప ఘాటు కొబ్బరిని దాటి వస్తుంది. తమిళుల వంటలో కారం ఉండదని తొమ్మిదేళ్లుగా అంటున్న మా అమ్మ ఆ చట్నీ దగ్గర మాత్రం మాట్లాడదు.

అక్కడి నుంచి కపాలీశ్వరుడి గుడికి నడిచే దూరం. దర్శనం చేసుకుని వెంటనే వెళ్లిపోకుండా, కోనేటి చుట్టూ ఉన్న నాలుగు మాడ వీధులూ ఒక చుట్టు తిరగండి. ఇత్తడి దీపాలు, పూజ సామాను, కొబ్బరికాయల గుట్టలు, కూరగాయల మధ్య మనం పల్లెల్లో కూడా మరచిపోయిన ఎండు వరుగులు. నవరాత్రుల ముందు ఉత్తర మాడ వీధి పొడుగునా బొమ్మల కొలువు బొమ్మలు పరుస్తారు. ఆ వారం పడితే సంచిలో చోటు ఉంచుకోండి. ఆ మాడ వీధుల్లోనే కాళత్తి దుకాణంలో రోజ్ మిల్క్ తాగి తీరాలి. చూడడానికి పత్రికలు అమ్మే కొట్టులా ఉంటుంది. ప్రదోషం నాడు మాత్రం నడవలేనివాళ్లను అటు తీసుకెళ్లకండి, గుడి కిక్కిరిసిపోతుంది.

ఆ మాడ వీధుల్లోనే ఒక మధ్యాహ్నం, కళ్లు మసకగా ఉన్న అమ్మను మెట్ల మీద కూర్చోబెట్టి, పూలమ్మే ఆవిడను నా ప్రశ్న అడిగాను. ఆవిడ మూర కొలుస్తూనే గడ్డంతో సందులోకి చూపించింది. వెళ్లి చూస్తే ఒక ఇంటి వరండా, రెండు బెంచీలు, ఒక పెనం. అడై వేస్తున్నారు. మన పెసరట్టుకు పెద్దక్క అనుకోండి: బియ్యంతో పాటు మూడు నాలుగు పప్పులు బరకగా రుబ్బి, ఎండుమిరప, ఇంగువ వేసి మందంగా పోస్తారు. నడుమ గరిటె కాడతో ఒక కన్నం పొడిచి అందులో నూనె చుక్క వేస్తారు, అప్పుడు మధ్యభాగం కూడా అంచులా కరకరలాడుతుంది. పక్కన వెన్నముద్ద, బెల్లం ముక్క. అమ్మ చేత్తో తడిమి, “ఈ కన్నం మీ అమ్మమ్మ దిబ్బరొట్టెకు పెట్టేది” అంది. చూపు లేని పూట కనిపెట్టింది కనుక ఆ వరండా మీద హక్కు తనదే అంటుంది. బోర్డు లేదు, పేరు లేదు, మీకు దారి చెప్పలేను. పూలమ్మే ఆవిడను అడగండి.

మైలాపూరులోనే రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనం ఉంది. 1952లో ఆయన 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన చోటు అది. మన రాష్ట్రం పేరు రాసుకునే ప్రతివాళ్లం ఐదు నిమిషాలు ఆగదగ్గ చోటు. నేను వెళ్లిన రెండుసార్లూ మేమే ఉన్నాం.

చూసే పూటకు ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం. 1851 నుంచి ఉన్న సంస్థ, అన్నీ చూస్తే కాళ్లు పోతాయి. కంచు విగ్రహాలు గొప్పవే, నటరాజును చూడండి. కానీ తెలుగువాళ్లు మొదట వెళ్లవలసింది అమరావతి శిల్పాల దగ్గరికి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే దొర అమరావతి దిబ్బ తవ్వించి రాళ్లను మద్రాసుకు పంపాడు. వాటిలో చాలా భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. ఇక్కడా తక్కువేమీ లేవు. నాలాగిరి అనే మదపుటేనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం వెతికి పట్టుకోండి. ఒకే చక్రంలో ఆ ఏనుగు రెండుసార్లు ఉంటుంది: ఒక పక్క మనుషులను తొక్కుతూ, తొండంతో ఎత్తి పడేస్తూ, ఇంకో పక్క బుద్ధుడి కాళ్ల ముందు వంగి. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. కిటికీలోని ఆడవాళ్లను చూసి అమ్మ, “వీధిలో గొడవైతే మనవాళ్లు అప్పుడూ ఇంతే” అంది. మిగిలిన గదులు మీ ఓపిక.

భోజనం సంగతి ఒక్కటి తెలిసి వెళితే నిరాశ ఉండదు. ‘అళవు సాప్పాడు’ అంటే కొలత భోజనం, మళ్లీ వడ్డించరు. ఆకు భోజనం కావాలంటే ఫుల్ మీల్స్ అని చెప్పండి. పప్పు ఒక చెంచాడు వేసి ఊరుకుంటారు, తర్వాత సాంబారు, వత్త కుళంబు అనే వరుగుల పులుసు, రసం, మజ్జిగ. ఆవకాయ కోసం కళ్లు వెతుకుతాయి, ఉండదు. దాన్ని తిట్టుకుంటూ ఆంధ్రా మెస్ వెతుక్కునేవాళ్లను నేను చూస్తూనే ఉంటాను. మన పప్పు మన ఇంట్లో ఉంది కదా! వత్త కుళంబు వంతు తప్పించుకోకండి, సుండ వత్తలు, అంటే ఎండు ఉస్తికాయలు వేసిన ఆ చేదుపులుపు రెండో ముద్దకు అర్థమవుతుంది.

మీ పని డిసెంబరు నడుమ నుంచి పడితే అదృష్టం. మార్గళి, అంటే మన ధనుర్మాసం, కచేరీల కాలం. మ్యూజిక్ అకాడమీ వంటి పెద్ద సంగీత సభల్లో సాయంత్రం కచేరీలకు టికెట్ కావాలి. పొద్దున, మధ్యాహ్నం చిన్నవాళ్లు పాడేవి చాలా చోట్ల ఉచితం. కంట్లో చుక్కలు వేసుకుని కళ్లు మూసుకు కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, పైగా పాడేది సగం తెలుగే. తమిళ అమ్మాయి త్యాగరాజ కీర్తన అందుకుంటే, అమ్మ పక్కనున్న మామిగారికి అర్థం చెప్పడం మొదలుపెట్టి ముందు వరుస చేత ‘ష్’ అనిపించుకుంది. కచేరీ అక్కర్లేనివాళ్లు కూడా సభల క్యాంటీన్లకు వస్తారు. అక్కారవడిసల్ ఉందా అని అడగండి. పాలలో ఉడికిన అన్నం, బెల్లం, నెయ్యి. కొద్దిగా పెట్టించుకోండి, తర్వాత నిద్ర ఆగదు.

మా తమ్ముడు వచ్చినప్పుడు దారి వేరు. సాయంత్రం బర్మా బజారు దగ్గర సెకండ్ లైన్ బీచ్ వీధిలో అతో బండ్లు ఉంటాయి. బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్లు తెచ్చిన తిండి: నూడుల్స్, క్యాబేజీ తురుము, వేయించిన ఉల్లి, చింతపండు పులుసు చేత్తో కలిపి, పక్కన అరటిదూట సూపు పోస్తారు. వాడు రెండు ప్లేట్లు తింటాడు. నేను సూపు తాగుతాను. షావుకారుపేట మింట్ వీధిలో కాకడ రాంప్రసాద్ దగ్గర వేడి జిలేబీ. ట్రిప్లికేన్‌లో 1948 నాటి రత్నా కేఫ్, అక్కడ ఇడ్లీలు సాంబారులో మునగాలి, జగ్గుతో పోస్తూనే ఉంటారు. మెరీనాకు ఐదు దాటాకే వెళ్లండి, నీళ్లలోకి దిగకండి, కొబ్బరి మామిడి కలిపిన సుండల్ గుగ్గిళ్లు కొనుక్కుని ఇసుకలో కూర్చోండి.

తిరగడానికి ఆటో బేరాలు అక్కర్లేదు. సెంట్రల్‌లో దిగితే ఎగ్మూరు మెట్రోలో ఒక్క స్టేషను. రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషనులో వేలచ్చేరి బండి ఎక్కితే తిరుమయిలై, అదే మైలాపూరు. అక్కడ మెట్లు ఎక్కువ, పెద్దవాళ్లుంటే చూసుకోండి. 2021 నుంచి సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు డబ్బులు తీసుకోరు, ముందుభాగం గులాబీ రంగు వేసిన బస్సులు చూసి ఎక్కండి.

తిరుగు ప్రయాణానికి ముందు మైలాపూరులో కాఫీ గింజలు వేయించే కొట్టుకు వెళ్లి అప్పటికప్పుడు పొడి పట్టించుకోండి. చికోరీ ఎంత కలపాలని అడుగుతారు. నేను వందకు ఇరవై అంటాను. అమ్మ వెనక నుంచి పదిహేను అంటుంది, కొట్టులో మనిషి అమ్మ మాటే వింటాడు. పొట్లం వేడిగా ఉండగా మూతి బిగించవద్దు, సంచిలో చీరల అడుగున పెట్టవద్దు. నేను ఒకసారి పెట్టాను. సోమవారం బడికి కట్టుకెళ్లిన చీరను చూసి తొమ్మిదో తరగతి పిల్లలు, “టీచర్, చెన్నై వెళ్లొచ్చారా?” అన్నారు.