మెయిల్‌కు తాళం వేయడం, సంతకం పెట్టడం ఎలా? థండర్‌బర్డ్‌లో ఓపెన్‌పీజీపీ

అమెరికాలో ఉన్న తమ్ముడికి పొలం దస్తావేజు స్కాన్ చేసి మెయిల్‌లో పంపారనుకోండి. సర్వర్ నుంచి సర్వర్‌కు వెళ్లే దారిలో సాధారణంగా టీఎల్‌ఎస్ అనే దారి రక్షణ దాన్ని కాపాడుతుంది. చేరాక మాత్రం రెండు మెయిల్‌బాక్సుల్లోనూ అది విప్పి ఉన్న కాగితమే. పదేళ్ల తర్వాత మీ ఇద్దరిలో ఎవరి పాస్‌వర్డ్ పోయినా ఆ దస్తావేజు కూడా పోతుంది. ఓపెన్‌పీజీపీ అనే పద్ధతి ఈ చోటే అక్కరకొస్తుంది: మెయిల్ మీ కంప్యూటర్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి, బయలుదేరుతుంది, తమ్ముడి కంప్యూటర్‌లోనే విడుతుంది.

ఇందులో ప్రతి మనిషికీ రెండు కీలు. పబ్లిక్ కీ తెరిచి ఉంచిన తాళంకప్ప లాంటిది. ఎవరికైనా ఇవ్వొచ్చు, ఎవరైనా నొక్కి తాళం వేయొచ్చు. దాన్ని తెరిచే చెవి సీక్రెట్ కీ, అది మీ దగ్గర మాత్రమే ఉంటుంది. సంతకానికి వరుస తిరగబడుతుంది: మీ సీక్రెట్ కీతో సంతకం పెడతారు, మీ పబ్లిక్ కీ ఉన్నవాళ్లెవరైనా సరిచూసుకుంటారు. మెయిల్‌లో ఒక్క అక్షరం మారినా ఆ సంతకం చెల్లదు.

డిజిటల్ సిగ్నేచర్ అనగానే చాలామందికి ఆడిటర్ దగ్గరుండే యూఎస్‌బీ టోకెన్, అంటే డీఎస్‌సీ గుర్తొస్తుంది (టీచర్ పోస్టుల డీఎస్సీ వేరు లెండి). అది 2000 నాటి ఐటీ చట్టం కింద లైసెన్సు ఉన్న సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. టెండర్లకూ కంపెనీ ఫైలింగులకూ అదే కావాలి. ఇక్కడ చెప్పే సంతకం అక్కడ పనికిరాదు. ఇది మనిషికీ మనిషికీ మధ్య నమ్మకం కోసం.

కీ తయారీ: ఐదు నిమిషాల పని

డెస్క్‌టాప్ లేదా ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము వేసుకుని మీ మెయిల్ అకౌంట్ కలపండి. ఈ సదుపాయం 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచీ దాని లోపలే ఉంది. ఎనిగ్‌మెయిల్ అనే యాడ్-ఆన్ వేసుకోమని చెప్పే పాఠాలు అంతకు ముందువి, వాటిని పక్కన పెట్టండి.

1. అన్నిటికంటే ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టండి. ఇది లేకపోతే థండర్‌బర్డ్ సీక్రెట్ కీకి తానే ఒక పాస్‌వర్డ్ తయారుచేసి, దాన్నీ ఆ కీ ఉన్న ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే (మీ మెయిళ్లూ సెట్టింగులూ ఉండే చోటు) దాస్తుంది. అంటే ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయినవాడికి బీరువాతో పాటు తాళంచెవీ దొరికినట్టే. పాస్‌వర్డ్ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకోండి. తెలుగు కీబోర్డు లేని మరో కంప్యూటర్‌లో తెలుగు పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే నానా తిప్పలు. సంబంధం లేని ఐదారు పదాలు వరసగా రాసుకుంటే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం.

2. అకౌంట్ సెట్టింగ్స్‌లో మీ అకౌంట్ కింద ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ తెరిచి, యాడ్ కీ నొక్కి, కొత్త ఓపెన్‌పీజీపీ కీ తయారుచేయడాన్ని ఎంచుకోండి. గడువు 3 ఏళ్లని చూపిస్తుంది, అలాగే ఉంచండి. రకం ఆర్‌ఎస్‌ఏ, పొడవు 3072 బిట్లు చాలు. 4096 తీసుకున్నా నష్టం లేదు, ప్రత్యేక లాభమూ లేదు.

3. తయారయ్యాక అదే పేజీలో మీ కీ పక్కన గుండ్రటి గుర్తు ఎంపికై ఉందో లేదో చూడండి. అక్కడ "నన్" అని ఉండిపోతే కీ ఉన్నా లేనట్టే.

4. ఇప్పుడే బ్యాకప్ తీయండి, రేపటికి వాయిదా వేయకండి. ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్ తెరిచి, మీ కీ ఎంచుకుని, ఫైల్ మెనూలో సీక్రెట్ కీ బ్యాకప్ నొక్కితే ఆ ఫైలుకు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. ఫైలు రెండు పెన్‌డ్రైవ్‌లలో, పాస్‌వర్డ్ కాగితం మీద, అన్నీ ఒకే సొరుగులో కాకుండా. గూగుల్ డ్రైవ్‌లోనో వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునో దాచకండి.

5. కీతో పాటే రివొకేషన్ సర్టిఫికెట్ ఫైలు కూడా తయారై ప్రొఫైల్ ఫోల్డర్‌లో పడుతుంది. దాని పేరు చివర "రెవ్" అని ఉంటుంది. సీక్రెట్ కీ పోయినా, వేరేవాళ్ల చేతికి చిక్కినా "ఈ కీ ఇక చెల్లదు" అని లోకానికి చెప్పే కాగితం అది. దాన్నీ పెన్‌డ్రైవ్‌లో వేయండి. హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీలో ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో కనిపిస్తుంది.

సీక్రెట్ కీ పోతే పాత మెయిళ్లను మళ్లీ చదివించే దారి ఎవరి దగ్గరా లేదు. ఫర్గాట్ పాస్‌వర్డ్ బటన్ ఉండదు. ఈ పద్ధతి మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, హ్యాకర్ల చేతిలో కాదు.

పబ్లిక్ కీ ఇచ్చి పుచ్చుకోవడం

సులువైన దారి: మెయిల్ రాసే కిటికీలో ఓపెన్‌పీజీపీ మెనూ తెరిచి "నా పబ్లిక్ కీ జతచేయి" అన్నదాన్ని ఎంచుకుని పంపడం. అవతలివాళ్లు ఆ జతను ఇంపోర్ట్ చేసుకుంటారు, మీకూ అలాగే వాళ్ల కీ పంపుతారు.

ఎవరికైనా వెతికితే దొరకాలంటే కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ సర్వర్‌లో అప్‌లోడ్ చేయాలి. అప్‌లోడ్‌తో పని అయిపోదు. మీ అడ్రసుకు ధృవీకరణ మెయిల్ పంపమని నొక్కి, వచ్చిన లింకు తెరిస్తేనే మెయిల్ అడ్రసుతో వెతికినప్పుడు మీ కీ కనిపిస్తుంది. ఎస్‌కేఎస్ అనే పాత తరం కీ సర్వర్లలో ఈ తనిఖీ లేదు. ఎవరి పేరుతోనైనా కీ ఎక్కించొచ్చు, ఎక్కిన దాన్ని తీయలేరు. 2019లో కొందరి కీలకు వేలకొద్దీ దొంగ సంతకాలు అంటించి, వాటిని దింపుకున్నవాళ్ల ప్రోగ్రాములు స్తంభించేలా చేశారు కూడా.

వేలిముద్ర సరిచూడటం: అసలు పని ఇదే

మెయిల్‌లో వచ్చిన కీ తమ్ముడిదేనని ఏమిటి నమ్మకం? అతని పేరుతో, అతని అడ్రసుతో కీ తయారుచేయడానికి ఎవరికైనా ఒక నిమిషం చాలు. మధ్యలో ఒకడు తన కీ ఇచ్చి, మీ మెయిల్ విప్పి చదివి, మళ్లీ తాళం వేసి అసలు మనిషికి పంపితే ఇద్దరికీ ఏమీ తెలియదు. అందుకే ప్రతి కీకీ ఒక వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్), అంటే దాన్ని గుర్తుపట్టే కోడ్ ఉంటుంది. థండర్‌బర్డ్‌లో ఇలా తయారైన కీకి అది 40 అక్షరాలు, నాలుగేసి చొప్పున 10 గుంపులు. అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు తప్ప ఇంకేమీ రావు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చూసుకుంటే మేలు. కుదరకపోతే వీడియో కాల్. మెయిల్‌లో మాత్రం కాదు, అనుమానం ఆ దారి మీదే కదా. ఫోన్‌లో చదివేటప్పుడు అక్షరాల పేర్లు గందరగోళం చేస్తాయి: బీ, సీ, డీ, ఈ అన్నీ ఒకేలా వినిపిస్తాయి, "ఎయిట్" అన్నది "ఏ" అనిపిస్తుంది. అంకెలు తెలుగులో చదివితే ఈ పేచీ సగం తీరుతుంది: "ఎనిమిది, మూడు, బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ" అని ఒక గుంపు చదివి, అవతలివాళ్లు తిరిగి అప్పజెప్పాక తర్వాతి గుంపుకు వెళ్లండి. చివరి 8 అక్షరాలు కలిసాయి కదా అని ఆపేయకండి. అంతవరకు కలిసేలా దొంగ కీ తయారుచేయడం మామూలు కంప్యూటర్‌తోనే అవుతుందని 2014లోనే చూపించారు.

అన్నీ కలిస్తే కీ మేనేజర్‌లో ఆ కీ వివరాలు తెరిచి, వేలిముద్రను స్వయంగా సరిచూశానన్న ఎంపిక పెట్టండి. దాని పక్కనే "అవును, కానీ సరిచూడలేదు" అన్నదీ ఉంటుంది. పెళ్లి ఆల్బమ్‌కైతే అది చాలు, బ్యాంకు కాగితాలకు చాలదు. ఏదీ ఎంచుకోకుండా వదిలేస్తే ఆ కీతో మెయిల్ పోనే పోదు. "కీ ఇంపోర్ట్ చేశాను, అయినా పోవడం లేదు" అనేవాళ్ల చిక్కు ఎక్కువగా ఇదే.

పంపేటప్పుడు

పైన ఎన్‌క్రిప్ట్ బటన్ నొక్కి, ఓపెన్‌పీజీపీ మెనూలో డిజిటల్ సైన్‌కు టిక్కు ఉందో లేదో చూసి పంపండి. ఎవరి కీ అయినా లేకపోతే కింద పట్టీ వచ్చి సరిచేసుకోమంటుంది. మొదటి ప్రయత్నం మీ సొంత రెండో మెయిల్ అడ్రసు మీద చేసుకోవడం ఉత్తమం.

విషయాన్ని, అంటే సబ్జెక్టును థండర్‌బర్డ్ లోపల దాచి బయట మూడు చుక్కలు చూపిస్తుంది. ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్నది మాత్రం దాగదు. బీసీసీ (మిగతావాళ్లకు కనపడకుండా ఒకరిని కలపడం) పెట్టడం కూడా ప్రమాదమే, ఎందుకంటే మెయిల్ ఎవరెవరి కీలకు ఎన్‌క్రిప్ట్ అయిందో వాటి గుర్తులు లోపల ఉంటాయి. చాటుగా కలిపిన మనిషి బయటపడిపోవచ్చు. అటాచ్‌మెంట్లు తాళంలో ఉబ్బుతాయి. జీమెయిల్ హద్దు 25 ఎంబీ కాబట్టి 10 ఎంబీ దాటిన స్కాన్‌లను ముందే చిన్నవి చేసుకోండి.

కీ లేనివాళ్లకు సంతకం మాత్రమే పెట్టి పంపితే చదవడానికి అడ్డేమీ ఉండదు, కాకపోతే ఏఎస్‌సీ అని ముగిసే ఫైలొకటి అంటుకుని వెళ్తుంది. "వైరస్ పంపావా?" అని ఫోన్లు రావడం ఖాయం, ముందే చెప్పి ఉంచండి.

తేడా వస్తే

సంతకం చెల్లదని చూపిస్తే వెంటనే మోసమని భయపడకండి. మెయిలింగ్ లిస్టులు కింద తమ పట్టీ అంటిస్తాయి, కొన్ని ఆఫీసుల మెయిల్ గేట్‌వేలు (వచ్చే మెయిళ్లను తనిఖీ చేసే సర్వర్లు) "బయటి మెయిల్" అని హెచ్చరిక కలుపుతాయి. అక్షరం మారింది కాబట్టి సంతకం విరిగింది. ప్రశ్న గుర్తు కనిపిస్తే సంగతి వేరు: సంతకం పెట్టిన కీ మీ దగ్గర లేదు, లేదా మీరింకా దాన్ని ఒప్పుకోలేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్ గుండా వచ్చిన మెయిల్ తెరుచుకోకపోతే థండర్‌బర్డ్ రిపేర్ చేయమంటారా అని అడుగుతుంది, చేయమనండి.

తెలుగు మెయిల్ ప్రశ్న గుర్తులుగా, పెట్టెలుగా వస్తే అవతలి ప్రోగ్రాము తాళం వేసిన అక్షరాలను మెయిల్ ఒంట్లోనే పెట్టే పాత ఇన్‌లైన్ పీజీపీ పద్ధతి వాడుతుండవచ్చు. పీజీపీ మైమ్ అనే కొత్త పద్ధతికి మార్చుకోమనండి, థండర్‌బర్డ్ మామూలుగా పంపేది అదే.

ఫోన్‌లో చదవాలంటే ఆండ్రాయిడ్‌లో కే-9 మెయిల్‌తో పాటు ఓపెన్‌కీచెయిన్ యాప్ వేసి, బ్యాకప్ ఫైలును ఇంపోర్ట్ చేయాలి. అయితే అన్ని తాళాల చెవీ జేబులో తిరిగే ఫోన్‌లో ఉంటుంది. ఒక్క చెవి దొరికితే పాత మెయిళ్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి కాబట్టి, ఫోన్‌కు గట్టి లాక్ లేనివాళ్లు ల్యాప్‌టాప్‌తోనే సరిపెట్టుకోవాలి.

మూడో ఏడు ముగిసేలోపు కీ మేనేజర్‌లో మీ కీ తెరిచి గడువు పొడిగించండి. కొత్త కీ అక్కర్లేదు, వేలిముద్ర మారదు, ఫోన్‌లో మళ్లీ చదవాల్సిన పనీ లేదు. పొడిగించిన పబ్లిక్ కీని సర్వర్‌లో మరోసారి ఎక్కించి, తమ్ముడికి మరోసారి జతచేసి పంపాలి. మర్చిపోతే పాత మెయిళ్లు మీకు తెరుచుకుంటూనే ఉంటాయి కానీ, ఒకరోజు పొద్దున్నే అతని థండర్‌బర్డ్ మీకు ఎన్‌క్రిప్ట్ చేసి పంపడానికి ఒప్పుకోదు.