ఊరి క్లబ్బు చరిత్ర రాయాలంటే

ముందుగా మినిట్స్ పుస్తకాలు, అంటే సమావేశాల్లో జరిగినవి నమోదు చేసిన పుస్తకాలు చూడండి. తర్వాతే పెద్దల జ్ఞాపకాలు, ఎందుకంటే శంకుస్థాపన, రిజిస్ట్రేషన్, ప్రారంభోత్సవం మూడూ వేర్వేరు ఏళ్లైనా నోటిమాటలో ఒకటే అయిపోతాయి. గోడ మీది శిలాఫలకం సాధారణంగా భవనం తేదీ చెబుతుంది, క్లబ్బు పుట్టిన తేదీ కాదు.

రిజిస్ట్రేషన్ నకలుకు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టండి. నంబరు, సంవత్సరం రెండూ రాస్తేనే వెతకడం తేలిక. కోస్తా, సీమల పాత సంఘాలు 1860 సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యాయి, తెలంగాణవి 1350 ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) చట్టం కింద. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. కానీ ఫసలీ ఏడాది జనవరిలో మొదలవదు, కాబట్టి 1350 అంటే 1940-41 అని రెండేళ్లూ రాయండి. ఇక్కడే ఎక్కువమంది ఒక ఏడాది తప్పుతారు.

జిల్లా సరిహద్దులూ చూసుకోవాలి. ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాలోనిదే, పాత ఫైళ్లు అటు ఉండొచ్చు.

చందా లెక్కల్లో "2-8-0" కనిపిస్తే రెండు రూపాయల ఎనిమిది అణాలు, అంటే రెండున్నర. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న.

చెదలు తిన్న పుటలను విడదీయొద్దు, లామినేషన్ అసలే వద్దు. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పుట సంఖ్యతో సహా ఫొటో తీయండి. గ్రూపు ఫొటోల వెనక పేర్లు పెన్నుతో కాదు, మెత్తని పెన్సిల్‌తో రాయాలి.

పేకాట గొడవలు, ఎన్నికల వివాదాలు వదిలేయకండి. మినిట్స్‌లో ఉన్నంతవరకే రాయండి.