ఆపరేషన్‌కు ముందు సాధన – మూడో పాఠం: ఎంతసేపు బిగిస్తే అంతసేపు వదలాలి

గర్భసంచి, మూత్రాశయం కిందికి జారినందుకు ఆపరేషన్ చేయించుకోబోయేవారి కోసం ఈ పాఠాలు. గత పాఠంలో, వాటికి కింద ఆసరాగా ఉండే కటి కండరం ఎక్కడుందో వెతుక్కున్నాం. గాలి పోకుండా ఆపుకున్నట్టు మలద్వారాన్ని, మూత్రం ఆపుకున్నట్టు ముందు భాగాన్ని, రెండింటినీ కలిపి లోపలికీ పైకీ లాగడం. ఏ లెక్కా పెట్టుకోకుండా, వారం రోజులపాటు పడుకుని దాన్ని గుర్తుపట్టమని చెప్పాను. గుర్తుపట్టిన వారు ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. ఇంకా అనుమానంగా ఉన్నవారు ఆగండి. ఆపరేషన్ తేదీ దగ్గరపడుతోందని కంగారుపడి తప్పు కదలికను రోజుకు వందసార్లు చేసేవారిని చూశాను. వాళ్లకు అలసట తప్ప ఏమీ మిగల్లేదు.

ఒకామె నా దగ్గరికి వచ్చి, రెండు నెలలుగా రోజూ చేస్తున్నాననీ, అయినా సాయంత్రానికి గర్భసంచి మరింత కిందికి వస్తోందనీ చెప్పారు. చేసి చూపించమన్నాను. ఊపిరి బిగబట్టారు, కనుబొమలు పైకి లేచాయి, మెడ నరాలు తేలాయి. ఆమె చేతిని తీసి బొడ్డు కింద పెట్టించాను. పొట్ట ఉబ్బి చేతిని బయటికి నెడుతోంది. చిన్న అద్దం ఇచ్చి మళ్లీ చేయమన్నాను. కిందికి జారిన ఉబ్బు లోపలికి పోవలసింది, బయటికి వచ్చింది. రెండు నెలలపాటు ఆమె ఎంతో శ్రద్ధగా చేసినది ముక్కడం. అద్దంలో చూశాక ఆమె కాసేపు మాట్లాడలేదు, తర్వాత నవ్వేశారు.

ఆమె ఒక్కరే కాదు. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు ఈ వ్యాయామాన్ని నోటిమాటగా క్లుప్తంగా చెప్పి, చేయించి, పరికరంతో కొలిచారు. సరిగ్గా చేసినవారు దాదాపు సగం మందే. పావు వంతు మంది చేసిన తీరు మూత్రం కారడాన్ని ఇంకా పెంచేలా ఉంది. ఈ వ్యాయామం ఎవరి పేరుతో చలామణి అవుతోందో ఆ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీని గురించి రాసినప్పుడు ఊరికే 'బిగించండి' అని వదిలిపెట్టలేదు. లోపలి పరీక్ష చేసి కండరాన్ని గుర్తుపట్టించేవాడు, బిగింపు ఎంత ఉందో చూపే పెరీనియోమీటర్ అనే పరికరాన్ని వాడేవాడు. ఆయన పేరు మిగిలింది, ఆ పరీక్ష మాత్రం మధ్యలో ఎక్కడో జారిపోయింది. కాబట్టి వీలైతే ఒక్కసారైనా ఈ కండరాలు తెలిసిన ఫిజియోథెరపిస్టుతోనో, స్త్రీ వైద్య నిపుణురాలితోనో పరీక్ష చేయించుకోండి. వీలు కాకపోతే అద్దం ఉంది. మోకాళ్లు మడిచి వెనక్కి ఆనుకుని చూసుకోండి. సరిగ్గా చేసినప్పుడు మలద్వారం ముడుచుకుని లోపలికి పోతుంది, యోని ద్వారానికీ దానికీ మధ్య ఉన్న చర్మం కొద్దిగా పైకి లేస్తుంది. బయటికి ఉబ్బితే తప్పు.

లెక్కలోకి వెళ్లే ముందు ఈ సాధన ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది చెప్పాలి. ఉట్టిలో కుండను ఊహించుకోండి. తాళ్లు పైనుంచి పట్టుకున్నాయి, కింద ఒక అరచేయి ఆసరాగా ఉంది. గర్భసంచినీ, మూత్రాశయాన్నీ పైనుంచి పట్టి ఉంచే బంధనాలు ఆ తాళ్లు. ముందువైపున్న జఘనాస్థి నుంచి వెనకున్న తోక ఎముక దాకా పరుచుకున్న కటి కండరాలు ఆ అరచేయి. కాన్పులు, వయసు, ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, బరువులు, వీటివల్ల చేయి నీరసిస్తే భారమంతా తాళ్ల మీద పడి అవి సాగిపోతాయి. ఆపరేషన్ తాళ్ల పని చూసుకుంటుంది. మన సాధన అరచేతి కోసం. సాగిన తాడును చేయి తిరిగి పొట్టి చేయలేదు. బాగా కిందికి జారిన గర్భసంచి వ్యాయామంతో తిరిగి తన చోటికి పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో మాట, కొందరికి నిరాశ కలిగించేది. ఆపరేషన్‌కు ముందూ వెనకా కటి కండరాల శిక్షణ ఇస్తే ఆపరేషన్ ఫలితం మెరుగవుతుందా అని అమెరికాలో 374 మంది స్త్రీలతో పరీక్షించారు. 2014లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ పొందినవారికీ పొందనివారికీ రెండేళ్ల తర్వాత అవయవాలు నిలిచిన తీరులో గానీ, జారిన బాధల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఈ సాధన కుట్లకు హామీ కాదు. అదే ఏడాది వెలువడిన మరో పరీక్షలో, 447 మంది స్త్రీలతో చేసినదానిలో, ఆపరేషన్ దాకా వెళ్లకుండా ఫిజియోథెరపిస్టు దగ్గర విడివిడిగా శిక్షణ పొందినవారికి ఏడాది తర్వాత బరువుగా వేలాడుతున్నట్టుండే బాధ తగ్గింది. బ్రిటన్‌లో 2019 నాటి వైద్య మార్గదర్శకాలు కూడా, బాధలు ఉండి, జారడం మొదటి రెండు దశల్లో ఉన్నవారికి కనీసం 16 వారాల పర్యవేక్షణతో కూడిన సాధనను తొలి మార్గంగా ఆలోచించమంటాయి.

మరి ఆపరేషన్ ఖాయమైనవారు ఎందుకు చేయాలి? నా దృష్టిలో కారణం చాలా మామూలుది. ఆపరేషన్ అయ్యాక అక్కడ వాపు, నొప్పి, కుట్లు, అన్నిటికంటే మించి భయం ఉంటాయి. ఎక్కడ బిగించాలో కూడా తెలియదు. కొత్త విద్య నేర్చుకోవడానికి అది సమయం కాదు. ముందే నేర్చిన ఒళ్లు తిరిగి గుర్తుతెచ్చుకుంటుంది, అంతే. రెండో కారణం చాలామందికి ముందుగా ఎవరూ చెప్పనిది. మూత్రాశయం జారినప్పుడు మూత్రనాళం ఒక్కోసారి మెలిక పడి ఉంటుంది, అందుకే మూత్రం కారదు. ఆపరేషన్‌తో మెలిక సరిగ్గా అవగానే దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు కారడం కొత్తగా మొదలు కావచ్చు. అప్పుడు చేతికి అందే మొదటి ఆయుధం ఈ కండరమే.

ఇక లెక్క. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. సాయంత్రానికి కిందికి జారినట్టు అనిపించేవారు ఉదయమే చేయండి, లేదా నడుము కింద ఒక దిండు పెట్టుకోండి. ఊపిరి వదులుతూ కండరాన్ని పైకి లాగి, పైకి వినిపించేలా అంకెలు చెప్పండి. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు, అందుకే పైకి చెప్పమంటున్నాను. ఎన్ని అంకెల దగ్గర పట్టు సడలిందో అదే మీ అంకె. చాలామందికి మొదట మూడు, నాలుగు. రెండే వస్తే రెండే. దానికి సిగ్గుపడాల్సింది లేదు, అబద్ధమాడి ఆరు రాసుకోవాల్సిన పనీ లేదు.

ఇప్పుడు అసలు విషయం, వదలడం. నాలుగు అంకెలు పట్టి ఉంచితే కనీసం నాలుగు అంకెలు పూర్తిగా వదిలి ఉంచండి. మొదట్లో రెట్టింపు సేపు వదిలినా మంచిదే. బిగించి ఉంచిన పిడికిలిలోకి రక్తం సరిగా పారదు. వేళ్లు విప్పితేనే మళ్లీ ముడవగలం. ఇదీ అంతే. వదలడమంటే కిందికి తోయడం కాదు, ఎత్తిపట్టినదాన్ని నెమ్మదిగా దించి, దించాక ఇంకా కాస్త మెత్తబడనివ్వడం. మీకొక కొండగుర్తు చెబుతాను. వదిలినప్పుడు ఏదో దిగినట్టు స్పష్టంగా తెలియాలి. తెలియలేదంటే మీరు వదలడానికి ముందే పట్టు జారిపోయింది, మీరు ఖాళీగా అంకెలు లెక్కపెడుతున్నారు. అప్పుడు ఒక అంకె తగ్గించుకోండి. ఎంత గట్టిగా పట్టామా అని అందరూ అడుగుతారు. పట్టు ఎంతసేపు నిజంగా ఉందో ఈ దిగడమే చెబుతుంది.

ఇలా ఎనిమిదిసార్లు చేస్తే ఒక విడత. రోజుకు మూడు విడతలు. పట్టు సులువైపోయిందని అనిపించినప్పుడు ఒక అంకె పెంచండి. పది దాకా వెళితే చాలు, పదిహేను పట్టి ఎవరినీ ఓడించక్కర్లేదు. ఈ ఎనిమిదీ అయ్యాక మరో ఎనిమిది వేగంగా చేయండి. చప్పున పైకి లాగి, వెంటనే పూర్తిగా వదలడం. ఈ కండరంలో ఎక్కువ పోగులు నెమ్మదిగా, చాలాసేపు పనిచేసే రకం. తక్కువ పోగులు మెరుపులా స్పందించే రకం. రోజంతా మోసేది మొదటివి, తుమ్మినప్పుడు కాపాడేది రెండోవి. రెంటికీ వేర్వేరు పని పెట్టాలి.

చేస్తున్నప్పుడు పక్కవాళ్లు సాయానికి వస్తారు. పక్కవాళ్లంటే తొడలు, పిరుదులు, పొట్ట. బొడ్డు కింద కొద్దిపాటి బిగువు తెలిస్తే ఫరవాలేదు, అది సహజం. పొట్ట ఉబ్బితే మాత్రం ఆపండి. కుర్చీలో కూర్చుని చేసేటప్పుడు మీ తల ఎత్తు పెరిగిందంటే పిరుదులు బిగిస్తున్నారని అర్థం. ఎదురుగా కూర్చున్నవారికి మీరు ఏదో చేస్తున్నారని తెలియకూడదు. పడుకుని బాగా వచ్చాకే కూర్చుని, అది కుదిరాకే నిలబడి. నిలబడితే పైనుంచి బరువు పడుతుంది కాబట్టి అంకె తగ్గుతుంది. కంగారు పడకండి.

ఈ వారంలోనే మొదలుపెట్టాల్సిన ఇంకో అలవాటు ఉంది. దగ్గు, తుమ్ము వస్తోందని తెలియగానే, బరువు ఎత్తబోయే ముందు, కుర్చీలోంచి లేచే ముందు ఒక్కసారి పైకి లాగి పట్టండి, పని అయ్యాక వదలండి. 1998లో కొద్దిపాటి మూత్రం కారే పెద్ద వయసు స్త్రీలకు ఈ చిట్కా ఒక్కటే నేర్పితే వారం తిరిగేలోపే దగ్గినప్పుడు కారడం బాగా తగ్గింది. కండరం బలపడేంత వ్యవధి అది కాదు. సమయానికి పట్టడం తెలిసింది, అంతే. ఈ పాఠంలో మీకు ఒక్కటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని ఎవరైనా చెబితే వద్దు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది, పైగా జారిన మూత్రాశయానికి అది అసలే కష్టం. మలవిసర్జన దగ్గర ముక్కితే రోజంతా చేసినదానికి ఎదురు పని చేసినట్టే. కమోడు మీద కూర్చునేవారు పాదాల కింద చిన్న పీట పెట్టి మోకాళ్లను నడుము కంటే ఎత్తులో ఉంచండి. ముందుకు వంగి, నోరు తెరిచి 'హా' అని ఊపిరి వదలండి. మలబద్ధకం ఉంటే దాన్ని ఆపరేషన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడి సరిచేసుకోండి. పెసరీ (జారిన భాగాన్ని ఆపడానికి యోనిలో పెట్టే ఉపకరణం) పెట్టుకున్నవారు దాన్ని తీయకుండానే ఈ సాధన చేయవచ్చు.

కొందరికి మాత్రం ఈ పాఠం పనికిరాదు. కలయికలో నొప్పి, మూత్రం మొదలుకావడానికి చాలాసేపు పట్టడం, కటిభాగంలో ఎప్పుడూ బిగుసుకున్నట్టుండే నొప్పి ఉంటే మీ కండరం నీరసంగా లేదేమో, వదలడం మరిచిపోయి ఉండవచ్చు. ఇంకా బిగిస్తే హాని. వాళ్లు ముందు పరీక్ష చేయించుకోవాలి. మూత్రం అసలు రాకపోయినా, రక్తస్రావం కనిపించినా, జారిన భాగం నొప్పితో లోపలికి పోకపోయినా పాఠాలు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ వారానికి పని: ఒక కాగితం మీద రోజుకు మూడు గళ్లు గీసుకుని, ప్రతి గడిలో పట్టిన అంకె, వదిలిన అంకె రెండూ రాయండి. రెండోది ఎప్పుడూ మొదటిదాని కంటే తక్కువ ఉండకూడదు. వచ్చే పాఠంలో ఆపరేషన్ రోజు సంగతి చూద్దాం. క్యాథెటర్ (మూత్రం బయటికి పోవడానికి పెట్టే గొట్టం) ఉన్నంతకాలం ఎందుకు బిగించకూడదు, డాక్టరు సరేనన్నాక తొలి రోజున ఎంత తక్కువతో మొదలుపెట్టాలి, మంచం మీంచి పక్కకు ఒత్తిగిలి ఎలా లేవాలి.