పురుగుల పేర్లు, నాలుగో పాఠం: బ్రాకెట్టు ఎప్పుడు పెట్టాలి?

రేవులో నీటి మీద గుంపుగా గిరగిరా తిరిగే నల్ల పురుగుల కుటుంబానికి పేరు కట్టమని కిందటి పాఠంలో అడిగితే, చాలామంది 'నటేటరిడే' అని రాసి పంపారు. పొరపాటు నాదే. గైరినస్ నటేటర్ అనే ఐరోపా పురుగును (మొదటి మాట ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు; రెండోది జాతి) నమూనాగా ఇచ్చాను గాని, కుటుంబం పేరు ప్రజాతి నుంచే పుడుతుందని, జాతి నుంచి పుట్టదని చెప్పలేదు. గైరినస్‌లో చివరి 'అస్' తీసి 'ఇడే' చేర్చితే గైరినిడే అవుతుంది. 1810లో ఫ్రెంచి కీటక శాస్త్రజ్ఞుడు లాత్రెయ్ పెట్టిన పేరు ఇదే. సుమారు వెయ్యి జాతులున్న ఈ కుటుంబం, ముక్కు పురుగుల కుటుంబం పక్కన చాలా చిన్నది. ఉపకుటుంబానికి 'ఇనే' చేరుతుంది. దీనికి ఇంతకంటే వివరణ అక్కరలేదు.

నన్ను విసిగించేది బ్రాకెట్టు. పురుగు పేరు చివర, ఆ పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడి పేరు, ఏడు రాస్తాం కదా; వాటి చుట్టూ దాన్ని కొందరు అలంకారంగా పెడతారు, కొందరు అడ్డమని తీసేస్తారు. మన కోనసీమ కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగునే చూడండి. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ దానికి స్కారబేయస్ రైనోసెరస్ అని పేరు పెట్టాడు. తరువాత దాన్ని ఓరిక్టెస్ ప్రజాతిలోకి మార్చారు గనుక, నేడు ఓరిక్టెస్ రైనోసెరస్ (లినేయస్, 1758) అని రాయాలి. పెళ్లయి ఇంటిపేరు మారినా, బారసాలనాడు పెట్టిన పేరు, పెట్టిన తాతగారు మారరు కదా. ఇంటిపేరు మారిందన్న గుర్తే ఆ బ్రాకెట్టు. కొబ్బరి మానును లోపల డొల్ల చేసే ఎర్రముక్కు పురుగు, మొదట కుర్కులియో ఫెరుజినియస్, ఇప్పుడు రింకోఫోరస్ ఫెరుజినియస్ (ఒలివియే, 1790). నమూనా ఇచ్చిన నటేటర్‌ను కూడా లినేయస్ మొదట డిటిస్కస్‌లో చేర్చాడు గనుక దానికీ బ్రాకెట్టు ఉంటుంది. ఏడు చుక్కల అక్షింతల పురుగు మాత్రం పుట్టింటి ప్రజాతిలోనే ఉండిపోయింది. కాక్సినెల్లా సెప్టెంపంక్టేటా లినేయస్, 1758 అని బ్రాకెట్టు లేకుండా రాయాలి. నేనైతే కొత్త పేరు పక్కన పాత ప్రజాతిని పెన్సిలుతో రాసుకుంటాను. రెండూ ఒకటి కాకపోతేనే బ్రాకెట్టు పెడతాను.

అభ్యాసం: వరిలో తాటాకు తెగులు తెచ్చే పురుగుకు ఒలివియే 1808లో హిస్పా ఆర్మిజెరా అని, బియ్యంలో పట్టే ముక్కు పురుగుకు లినేయస్ 1763లో కుర్కులియో ఒరైజే అని పేర్లు పెట్టారు. ఇప్పుడు మొదటిది డిక్లాడిస్పాలో, రెండవది సైటోఫిలస్‌లో ఉన్నాయి. రెండింటి పూర్తి పేర్లు రాయండి. ఆ తరువాత కాలువలో గైరినిడే పురుగు ఒకటి పట్టి, గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో వదిలి పక్కనుంచి చూడండి. దాని కన్ను ఒక్కొక్కటీ రెండుగా చీలి, ఒక భాగం నీటి పైన, ఇంకొకటి నీటి లోపల ఉంటుంది. నీటి గీత ఆ రెండింటి మధ్య ఎక్కడ పడుతుందో బొమ్మ గీసి పంపండి.