పాత ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌బీఎస్‌డీ – పాఠం 4: ఇంటెల్ స్టిక్కర్ ఉన్నా ఏఎండీ64 ఎందుకు?

ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ ఫైళ్లలో 32 బిట్ ప్రాసెసర్లకు ఐ386, 64 బిట్‌కు ఏఎండీ64 అనే రకాలు ఉంటాయి. పోయిన పాఠంలో "ప్రాసెసర్‌కు తగ్గ ఫైలు దింపుకోండి" అని ఒక్క ముక్కతో వదిలేయడం పొరపాటైంది. 64 బిట్ కోర్ 2 డ్యుయో మెషీన్లలో చాలామంది ఐ386 ఎక్కించారు. అది మంచిగనే నడుస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. ఫైర్‌వాల్ పాఠం వచ్చేసారికి పెట్టుకొని, ముందు ఇది సరిచేద్దాం.

"మూత మీద ఇంటెల్ అని ఉంటే ఏఎండీ64 ఎట్ల పడుతుంది?" పడుతుంది. ఈ 64 బిట్ పద్ధతిని మొదట తయారుచేసింది ఇంటెల్‌కు పోటీ అయిన చిప్ కంపెనీ ఏఎండీ. 2003లో ఆప్టెరాన్ చిప్‌తో తెచ్చింది. తర్వాత ఇంటెల్ అదే పద్ధతిని తీసుకుంది. పేరు మాత్రం పుట్టించినవాళ్లదే నిలిచింది. "ర్యామ్ 2 జీబీయే కదా, 32 బిట్ చాలు" అనడం ఇంకో తప్పు. బిట్లు తేల్చేది ప్రాసెసర్, ర్యామ్ కాదు.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఐ386కు సులువైన, కీలకమైన భద్రతా సవరణలే అందిస్తామని ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లే రాసిపెట్టారు. భద్రత కోసం ఈ సిస్టమ్ ఎంచుకొని, 64 బిట్ చిప్ మీద ఐ386 నడిపితే ఆ భద్రతనే కొంత వదులుకున్నట్టు.

పెంటియం ఎం, కోర్ డ్యుయో టీ2300, ఆటమ్ ఎన్270: ఇవి 32 బిట్, వీటికి ఐ386 తప్ప దారి లేదు. కోర్ 2 డ్యుయో టీ5500, ఆటమ్ ఎన్450, అథ్లాన్ 64 మాత్రం 64 బిట్. కోర్‌కూ డ్యుయోకూ నడుమ ఆ "2" ఉందా లేదా కండ్లు పెట్టి చూడండి. పెంటియం 4లో రెండు రకాలూ ఉన్నాయి, పేరుతో తేలదు. ఇప్పుడున్న ఐ386లోనే డీమెస్గ్ (dmesg) ఆదేశం కొట్టి, సీపీయూ0 (cpu0) వరుసల్లో "లాంగ్" (LONG) అనే మాట వెతకండి. ఉంటే 64 బిట్. హన్మకొండలో సెకండ్‌హ్యాండ్ మెషీన్ కొనేటప్పుడు లైనక్స్ పెన్‌డ్రైవ్ పెట్టి ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) ఆదేశం కొట్టి చూసినా తెలిసిపోతుంది.

ఐ386 మీద ఏఎండీ64 అప్‌గ్రేడ్ కుదరదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. పాత ప్యాకేజీలు కూడా నడవవు. హోమ్ డైరెక్టరీని, ఈటీసీలో (సెట్టింగుల ఫోల్డర్, /etc) మీరు మార్చిన ఫైళ్లను టార్ కట్టి (అన్నిటినీ ఒకే ఫైలుగా మూటగట్టి), ఏ ఫైలుకు ఎవరు ఓనరో జాబితా కూడా రాసి దాచుకోండి. విడిగా కాపీ చేస్తే ఫ్యాట్ (FAT) పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీద ఓనర్, పర్మిషన్లు నిలవవు. ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌కు ఐఎంజీ (.img) ఫైలే వాడండి, ఐఎస్ఓ (.iso) ఫైలు సీడీకి. ఎట్లాగూ డిస్క్ తుడుస్తున్నారు కాబట్టి, రూట్ డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేయాలా అని అడిగినప్పుడు పాస్‌ఫ్రేజ్ పెట్టండి. కోర్ 2 డ్యుయోలో దానికి హార్డ్‌వేర్ సాయం లేదు, డిస్క్ పని కొంత నెమ్మదిస్తుంది. అయినా, పోగొట్టుకునే అవకాశమున్న ల్యాప్‌టాప్‌కు అదే నయం. బ్యాటరీ చచ్చిపోయిన మెషీన్ అయితే ఇన్వర్టర్ ఉన్న గదిలో మొదలుపెట్టండి.

అభ్యాసం: ఇన్‌స్టాల్ అయ్యాక టార్ విప్పి, ఒక్కో ఫైలు ఓనర్‌ను పాత జాబితాతో సరిచూడండి. తర్వాత అంతా తుడిచి, ఈ పాఠం చూడకుండా మొదటి నుంచి మళ్లీ చేయండి.