ఉచితంగా వచ్చే వస్తువు ఖర్చు

చిన్న స్థానిక చరిత్ర మ్యూజియం పెట్టాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "డబ్బులెక్కడ దొరుకుతాయండీ?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "ఏ వస్తువులు వద్దంటారు?" ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెక్కలు రాసినవాణ్ణి. ఇప్పుడు రెండు గదుల మ్యూజియానికి తాళాలూ రిజిస్టరూ చూసుకుంటున్నాను. వస్తువు ఉచితంగానే వస్తుంది. దానికి కావాల్సిన చోటు, పెట్టె, బీమా, పురుగు పట్టకుండా చూసే మనిషి మాత్రం ఉచితం కాదు. ఆ ఖర్చు ఒక ఏడాదితో తీరేదీ కాదు.

కాబట్టి ముందు ఒక్క పేజీ విధానం రాసుకోండి. ఏ ప్రాంతం, ఏ కాలం, ఏ విషయాలు మీవో అందులో ఉండాలి. ఇప్పటికే ఉన్నలాంటిది మళ్లీ వస్తే తీసుకుంటారా, పాడైపోయినది తీసుకుంటారా అన్నదీ రాయండి. ఈ కాగితం మీకంటే మీ మొహమాటానికి ఎక్కువ అవసరం. నాకొచ్చే ఫోన్లలో కుట్టుమిషన్ల గురించినవే ఎక్కువ. "మా నాయనమ్మదండీ, ఊరికే ఇచ్చేస్తాను" అంటారు పాపం. మిషన్లు లక్షల్లో తయారయ్యాయి, మనకు ఒకటి చాలు. కానీ ఆ నాయనమ్మ దాని మీద ఎవరికి ఏం కుట్టేదో, ఎంత తీసుకునేదో రాసుకున్న చిట్టా పుస్తకం ఇంట్లో ఉంటే, అది అడిగి మరీ తెచ్చుకోవాలి. మిషన్ వద్దన్నప్పుడు విధానం కాగితం చూపించండి, మనిషికి బాధ తగ్గుతుంది.

"ఎప్పుడూ ప్రదర్శనలోనే ఉంచాలి" అనే షరతుతో ఇచ్చేది ఎంత గొప్పదైనా తీసుకోకండి. "మీ దగ్గరే ఉంచండి, కానీ మాదే" అనేది ఇంకా ప్రమాదం. అరువు తెచ్చుకుంటే తిరిగిచ్చే తేదీ రాతలో ఉండాలి. దానంగా తీసుకుంటే దానపత్రం రాయించుకోండి. ఇచ్చే మనిషికి అది ఇచ్చే హక్కుందా, అన్నదమ్ములెవరైనా రేపు వచ్చి అడుగుతారా అని అప్పుడే తేల్చుకోవాలి. ఫొటోల విషయంలో మరో మెలిక ఉంది: ఫొటో కాగితం మీ చేతికి వచ్చినంత మాత్రాన దాని కాపీరైట్ రాదు. అది ఎవరిదో విడిగా అడిగి రాయాలి. రేపు పోస్ట్‌కార్డులు అచ్చువేసి అమ్మాలంటే దీనితోనే పని పడుతుంది.

రిజిస్టర్ సంగతి. కుట్టిన పుస్తకం కొనండి, విడి కాగితాల ఫైలు వద్దు. నంబరు పద్ధతి చాలా మ్యూజియాలు వాడేదే: 2024.7.3 అంటే 2024లో వచ్చిన ఏడో దానంలో మూడో వస్తువు. నంబరును వస్తువు మీద స్టిక్కర్‌గా అతికించకండి. జిగురు మరకవుతుంది, స్టిక్కర్ ఊడిపోతుంది. లోహం, గాజు, పింగాణీ లాంటి వాటికి పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెజిన్ ఒక పూత వేసి, దాని మీద సిరాతో రాసి, పైన ఇంకో పూత వేస్తారు. అవసరమైతే తీసేయొచ్చు. కాగితమైతే వెనకవైపు మెత్తటి పెన్సిల్. బట్టకైతే నంబరు రాసిన నూలు టేపు ముక్కను రెండు కుట్లతో పట్టించాలి. ఆ తర్వాత కంప్యూటర్. మామూలు స్ప్రెడ్‌షీట్‌తో మొదలుపెట్టొచ్చు, పెరిగితే కలెక్టివ్ యాక్సెస్, ఒమెకా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. రిజిస్టర్ నకలు ఒకటి వేరే భవనంలో ఉండాలి. నిప్పంటుకుంటే రెండూ ఒకచోటే ఉండకూడదు కదా.

కాపాడటానికి ఖరీదైన యంత్రాలు కావాలనుకుంటారు. ముందు కావాల్సింది కర్టెన్. కాగితం, బట్ట, ఫొటోల మీద వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకూడదన్నది చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. వెలుతురు చేసే నష్టం పోగవుతూ పోతుంది: 50 లక్స్‌లో పది గంటలు, 500 లక్స్‌లో ఒక గంట దాదాపు ఒకటే. చీకట్లో పెట్టి విశ్రాంతి ఇచ్చినా వెలిసిన రంగు తిరిగిరాదు. అందుకని ఫొటోల నకళ్లు గోడకెక్కించి, అసలువి పెట్టెలో పెట్టండి. చూసేవాళ్లకు "ఇది నకలు" అని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. లామినేషన్, సెల్లో టేపు, పీవీసీ కవర్లు దగ్గరకు రానివ్వకండి. కొత్తగా వచ్చిన బట్టలూ పుస్తకాలూ నేరుగా లోపలికి తీసుకెళ్లకండి. పురుగు అనుమానముంటే పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా మూసి, సున్నాకు 20 డిగ్రీల దిగువన రెండు వారాలు ఫ్రీజర్లో ఉంచుతారు. బయటికి తీశాక పూర్తిగా గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు, లేకపోతే తేమ వస్తువు మీదే పేరుకుంటుంది. పెయింటింగులకూ గాజుకూ ఈ వైద్యం పనికిరాదు. సామాన్ల గది ఇప్పటికే కాలు పెట్టలేనట్టు ఉంటే, రోమ్‌లోని ఇక్రోమ్ సంస్థ చిన్న మ్యూజియాల కోసమే రీ-ఆర్గ్ అనే పద్ధతి తయారుచేసింది, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఇప్పుడు డబ్బు. రెండు ఖాతాలుగా ఆలోచించండి. కరెంటు, బీమా, శుభ్రత, మరమ్మతులు ప్రతి నెలా తప్పనివి. ప్రదర్శన, స్కానర్, పెట్టెలు ఒక్కసారివి. గ్రాంటులిచ్చేవాళ్లకు రెండోది ఇష్టం. ఫొటో దిగడానికి కరెంటు బిల్లు బాగోదు మరి! అందుకే చాలా చిన్న మ్యూజియాలు కొత్త ప్రదర్శన పెట్టిన ఏడాదే బిల్లులు కట్టలేక నలుగుతుంటాయి. ప్రతి గ్రాంటు దరఖాస్తులోనూ నిర్వహణ ఖర్చులో ఆ పనికి పడే వాటా అడగండి. కొందరు ఒప్పుకుంటారు, అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు. ఒక పనికని ఇచ్చిన డబ్బు ఇంకో పనికి వాడకండి, తాత్కాలికంగా కూడా.

నెలవారీ ఖర్చుకు నమ్మదగినది సభ్యత్వం. పెద్ద దాత ఒక్కడికంటే చిన్న మొత్తం క్రమంగా ఇచ్చే వందమంది మేలు. ఒకరు మానేసినా దీపం ఆరదు. టికెట్ పెట్టాలా అంటే, టికెట్ బల్ల దగ్గర మనిషి కావాలి. చిన్నచోట ఆ మనిషికయ్యే ఖర్చుకే వసూలు సరిపోతుంది. నేను హుండీ వైపే. బయటికి వెళ్లే దారిలో, లోపలి డబ్బు కనిపించే పెట్టె పెట్టండి. "మ్యూజియం అభివృద్ధికి" అని రాస్తే ఎవరూ కదలరు. "ఈ నెల: పాత పటాలకు ఆమ్లం లేని పెట్టెలు" అని రాసి, నెలాఖరున ఆ పెట్టెలు చూపించండి. ఫలానా వస్తువు సంరక్షణ ఖర్చు ఫలానా కుటుంబం భరించింది అని పక్కన చిన్న అక్షరాల్లో రాయడం కూడా పనిచేస్తుంది. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి జరుగుతోంది. పత్రికలవాళ్లు ఆ వారం తామే వార్త వెతుక్కుంటారు, మీ విజ్ఞప్తి అప్పటికి సిద్ధంగా ఉంచండి.

ఇబ్బందుల్లో ఎవరో ఒకరు "ఆ పాత నాణేలు అమ్మేద్దాం" అంటారు. అంతర్జాతీయ మ్యూజియం మండలి, అంటే ఐకామ్, నీతి నియమావళి దీనిపై స్పష్టంగా ఉంది: సేకరణలోంచి తీసేసిన వస్తువు మీద వచ్చిన డబ్బు సేకరణ మేలుకే వాడాలి, సాధారణంగా కొత్త వస్తువుల కోసం. కరెంటు బిల్లుకు కాదు. ఒక్కసారి అలా అమ్మారని తెలిస్తే దాతలు మళ్లీ గడప తొక్కరు.

ఖర్చు పెంచకుండా సేకరణ పెంచే దారి ఒకటుంది: స్కానింగ్ రోజు. జనాన్ని ఇళ్లలోని పాత ఫొటోలు, ఉత్తరాలు తెమ్మనండి. అక్కడే స్కాన్ చేసి, అనుమతి పత్రం రాయించుకుని, ఫొటోలో ఎవరెవరున్నారో ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకుని, అసలు వాళ్ల చేతికే ఇచ్చేయండి. కథ మీది, బీరువా వాళ్లది. వచ్చినవాళ్లలో కొందరు సభ్యులవుతారు కూడా.

తెరిచే వేళలు తక్కువైనా ఫర్వాలేదు, తప్పకూడదు. వారానికి ఒక్క పూట తెరిచినా, బోర్డు మీద రాసిన గంటకు తలుపు తీసి ఉండాలి. వాలంటీర్లను ఇద్దరేసి చొప్పున పెట్టండి.

చివరిగా, మ్యూజియం నడిపే సంఘం నియమావళిలో ఒక క్లాజు చేర్చండి: మ్యూజియం మూసేయాల్సి వస్తే సేకరణ ఎవరికి వెళ్తుంది? చాలామంది అపశకునమని దాటేస్తారు. ఏ మ్యూజియానికో, ఏ ఆర్కైవ్స్‌కో పేరు రాసి, వాళ్ల ఒప్పుకోలు రాతలో తీసుకోండి. అక్కడ అధికారి మారినప్పుడల్లా ఆ ఉత్తరం కొత్తగా రాయించుకోండి, నకలు రిజిస్టర్ మొదటి పేజీలో అంటించకుండా కవర్లో పెట్టి ఉంచండి.